తుఫాను కబురుతో మరిపెడ దాకా

ఎనభైల తొలి రోజులవి. జనగామలో టీచరుగా పనిచేసేదాన్ని. కార్తీకమాసంలో ఒక ఉదయం రేడియోలో వాతావరణ విశేషాలు వచ్చాయి. బంగాళాఖాతంలో వాయుగుండం తుఫానుగా మారిందట, మర్నాటికల్లా తీరం దాటుతుందట. జాలర్లు వేటకు వెళ్లొద్దన్నారు, రేవుల్లో ప్రమాద సూచిక ఎగరేశామన్నారు, సముద్రం ఎంత అల్లకల్లోలంగా ఉందో వివరంగా చెప్పారు. చెప్పాల్సిందే, కాదనను. కానీ తెలంగాణ వంతు వచ్చేసరికి అక్కడక్కడా జల్లులంటూ ఒక్క ముక్కతో సరిపెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. తీరం దాటిన తుఫాను అక్కడే కాళ్లు ముడుచుకుని కూర్చుంటుందా? మరిపెడ అవతల ఊళ్లో మా మేనమామ మూడెకరాల వడ్లు కల్లంలో ఎండబోసి ఉన్నాయి. ఆ ఇంటికి ఏడాది తిండి అదే. ఊళ్లో ఫోను లేదు, టెలిగ్రాం ఇస్తే దానికన్నా వానే ముందు చేరుతుంది. సెలవు చీటీ రాసిచ్చి బయల్దేరాను.

ఎనిమిదింటి ప్యాసింజరుకు టికెట్టు ఐదారు రూపాయలు. కాజీపేటలో ముప్పావుగంట ఆగి, పన్నెండు దాటాక మానుకోట చేరింది. మహబూబాబాద్‌ను అటువైపు అందరూ మానుకోట అనే అంటారు. బస్టాండు పక్క హోటల్లో అన్నం, పప్పుచారు తిన్నాను. ఆకాశం అద్దంలా ఉంది, గాలి మాత్రం తూర్పు నుంచి చల్లగా కొడుతోంది. ఒంటిగంటన్నర బస్సు ఎక్కి డ్రైవరుకు తుఫాను సంగతి చెప్పాను. ఆయన పకపకా నవ్వాడు.

"సముద్రం ఏడ, మనం ఏడ అక్కా? గీ ఎండకు వాన వడ్తదా? జర నిమ్మలంగ కూసో."

నిమ్మళంగా ఎలా కూర్చోను? మరిపెడలో దిగి, ఎడ్లబండి దొరికితే దానిమీద ఊరు చేరేసరికి మూడున్నర. వడ్లు కల్లమంతా పరిచే ఉన్నాయి. మామ గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు, పక్కన రేడియో ఉంది.

"పొద్దుగాల వార్తలు వినలేదా మామా?"

"ఇన్న బిడ్డా. కోస్తా అనంగనే బంజేసిన. అరవై తొమ్మిదిల తెలంగాణ ఉద్యమంల లాఠీ దెబ్బలు తిన్నప్పటి సంది గంతే. ఆ పేరు ఇనవడ్డదా, రేడియో బంద్."

అత్త చీపురు అందుకుంటూ అంది: "గాలి మారింది, వడ్లు ఎత్తుదామని పొద్దటి సంది మొత్తుకుంటున్న. ఇంటడా?"

రేడియో మీద కోపం, మామ మీద కోపం, రెండూ కలిసి నోరు జారాను. "నీ పౌరుషం ఆ మబ్బులకు తెలుసా మామా? అవి సరిహద్దు చూసుకుని కురుస్తాయా?"

 మామ చుట్ట పారేసి పార అందుకున్నాడు. పక్క కల్లాల వాళ్లు కూడా వచ్చారు. వడ్లు కుప్ప చేసి, గడ్డి కప్పి, గోనెసంచులు పరిచాం. పొద్దుగూకే వేళకు వాన అందుకుంది. జల్లు కాదు, కుండపోత. రాత్రి వార్తలకు మామ మళ్లీ రేడియో పెట్టాడు. తీరం సంగతులు, రేవుల సంగతులు, అలల ఎత్తు అన్నీ చెప్పారు. ఈసారి ఆయన చెయ్యి మీట మీదికి పోలేదు. వార్తలు ముగిశాక నావైపు తిరిగాడు.

"ఆఖరుదాంక ఇన్న బిడ్డా. మన ముచ్చట ఏడ వచ్చింది?"

 వాన రెండు రోజులు వదల్లేదు. వాగు పొంగి బస్సులు ఆగిపోయాయి. మూడోనాడు గడ్డి తీసి చూస్తే కుప్ప సగం తడిసి ఉంది, అడుగున తెల్లటి మొలకలు. అత్త గుప్పెడు తీసి నా చేతిలో పోసింది. వెచ్చగా ఉన్నాయవి. అత్త ఏడవలేదు, నేనే ఏడ్చాను.

మామది మొండితనమే. కానీ ఆ మొండితనం ఊరికే పుట్టలేదు. ఎన్నేళ్లు విన్నా తన ఊసు ఎత్తని గొంతును ఎవరు మాత్రం చివరిదాకా వింటారు? తుఫాను రోజుల్లో కల్లం ఉన్న ఇంటికి వెళ్లేవారికి ఒకటే మాట. నాలా వట్టి కబురుతో వెళ్లకండి, బజారులో ఒక టార్పాలిన్ కొని చంకన పెట్టుకుని బండెక్కండి. అంత దూరం వెళ్లి మామను తిట్టడం తట్టింది గాని, నాకా బుద్ధి పుట్టలేదు.