కేబుల్ పీకేసిన కార్డు

దెయ్యాల కథలు ఎవరైనా మొదలుపెడితే మధ్యలో లేచి కాఫీకి పోయే రకం నేను. నెట్‌వర్క్ కార్డులను కంప్యూటర్‌తో పనిచేయించే ప్రోగ్రాములు, అంటే డ్రైవర్లు, రాయడం నా పని. అక్కడ ప్రతి తప్పుకూ ఒక మూలం ఉంటుంది. దొరికేదాకా వెతకడమే.

ఆఫీసులో నా పక్క సీటు ఓబులేసుది. అనంతపురం మనిషి. కాడుగోడిలో మా వీధిలోనే కాపురం. ఒకరోజు క్యాంటీన్‌లో అన్నం తింటూ తింటూ పక్కకు ఒరిగిపోయాడు. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. తెలివి రాలేదు. ఆశ పెట్టుకోవద్దని డాక్టర్లు ముందే చెప్పేశారు.

అతను సగంలో వదిలేసిన కార్డు పని నా చేతికొచ్చింది. డేటా వచ్చినప్పుడు కార్డు ప్రాసెసర్‌ను పిలుస్తుంది. దాన్నే ఇంటరప్ట్ అంటాం. పిలుపు అందగానే, ఎందుకు పిలిచావని డ్రైవర్ కార్డును అడుగుతుంది. ఈ కార్డు పిలిచేది గానీ, అడిగితే జవాబు ఉండేది కాదు. కేబుల్ పీకేశాను. అయినా పిలుస్తోంది. కార్డు మార్చాను, బోర్డు మార్చాను. అదే తంతు.

ఒక మధ్యాహ్నం స్క్రీన్ మీద ఆ పిలుపుల లెక్క చూస్తుంటే, ఓబులేసు భార్య సునంద ఆస్పత్రి నుంచి ఫోన్ చేసింది.

"అన్నా, ఈయన వేలు కదిలిస్తా ఉండాడు. డాక్టరేమో అది ఊరికే కదులుతాది, అర్థమేం లేదంటాడు. నువ్వన్నా వచ్చి చూడన్నా. ఇదో, మళ్లీ..."

లెక్క ఒక్కసారిగా వేలల్లో ఎగబాకింది.

"ఇదో, ఇప్పుడు."

మళ్లీ ఎగబాకింది. ఆమె అన్న ప్రతిసారీ అంతే. ఆమె ఊరుకుంటే అదీ ఊరుకునేది.

జవాబు లేని పిలుపులు మితిమీరితే సిస్టమ్ ఆ పిలుపులొచ్చే లైనును తనే మూసేస్తుంది. మూసేస్తూ, ఎవరూ పట్టించుకోలేదని ఇంగ్లిష్‌లో ఒక ముక్క రాస్తుంది. ఎప్పుడూ చూసే మాటే. అది స్క్రీన్ మీద పడింది.

"ఆగిపోయిందన్నా," అంది సునంద.

గబగబా లైను తెరిచాను. మెషీన్ రీస్టార్ట్ చేశాను. పాత కార్డు కూడా పెట్టి చూశాను. లెక్క సున్నా దగ్గరే ఉండిపోయింది. ఆస్పత్రికి పోయి, చీకటి పడేదాకా అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. వేలు కదల్లేదు. ఆ వారంలోనే పోయాడు.

కార్డు ఇప్పుడు బాగా పనిచేస్తోంది. ఏం మార్చావని ఆఫీసులో అడిగారు. ఏమీ మార్చలేదన్నాను. ఎవరూ నమ్మలేదు.

సునందకు స్క్రీన్ సంగతి చెప్పలేదు. "ఆయనేమన్నా చెప్పాలనుకున్నాడా అన్నా?" అని ఇప్పటికీ అడుగుతుంది.

ఏమో తల్లీ, అంటాను. అంతకుమించి నాకూ తెలీదు.