సంతకం లేని కొంగు

మా మేనత్త పోయిందన్న ఫోను వచ్చేసరికి నేను బ్యాంకులో కౌంటరు మీద ఉన్నాను. అటువైపు అమ్మ. "మీ అత్త ఇక లేదే" అంది. సరేనని ఫోను పెట్టేసి, ఎదురుగా నిలబడ్డ పెద్దాయన పాస్‌బుక్కు ప్రింటు చేసి ఇచ్చి, అప్పుడు లేచాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు. ఎక్కడో ఇరుక్కున్నట్టుంది, వచ్చినప్పుడు వస్తుంది.

సూరత్‌లో గుజరాతీ సాయంకాలం పేపరు చదివేవాళ్ళకి ఆమె బాగా తెలుసు. తెలుగువాళ్ళకి పెద్దగా తెలియదు. రైల్వే ఉద్యోగి కూతురు. ఈ ఊళ్ళోనే పెరిగి, ఈ ఊరి భాషలోనే, ఈ ఊరి గొప్పిళ్ళ కబుర్లు రాస్తూ బతికింది. ఏ వజ్రాల వ్యాపారి ఇంటి పెళ్ళిలో తోడికోడళ్ళు ఒక ఫొటోలో నిలబడలేదో, ఏ మిల్లు యజమాని గృహప్రవేశానికి సొంత తమ్ముణ్ణే పిలవలేదో, అన్నీ రాసేది. ఎవరి పేరూ మాత్రం రాసేది కాదు. మర్నాడు టీ తాగుతూ ఊరే పేర్లు పూరించుకునేది. "పేరు రాస్తే కోర్టుకి పోతారు. రాయకపోతే నా దగ్గరికే వచ్చి, అది మేమేనా అని అడుగుతారు" అని నవ్వేది. నాకు గుజరాతీ చదవడం వచ్చిందంటే ఆమె కబుర్ల పుణ్యమే. స్కూల్లో చెప్పింది ఏమీ ఎక్కలేదు.

పెళ్ళిళ్ళకి వెళ్తే స్టేజీ వైపు పోయేది కాదు. పెళ్ళికూతురికి చీర కట్టే ఆడవాళ్ళ గదిలో చేరి, పిన్నీసులు అందిస్తూ కూర్చునేది. ఆ పక్కనే వంద రకాల వంటలున్నా ముట్టేది కాదు. ఇంటికొచ్చి మా అమ్మ పెట్టిన చారన్నం తినేది. వాళ్ళ ఉప్పు తింటే రాయడానికి చెయ్యి ఆడదట.

ఆల్థాన్‌లో ఆమె ఫ్లాటులో గోడ కనబడేది కాదు, అంతా బొమ్మలే. గ్యాలరీల్లో కొన్నవి కావు. కంప్యూటర్లు రాకముందు చీర మీద అచ్చయ్యే ప్రతి పువ్వునీ ముందు ఎవరో ఒకరు కాగితం మీద రంగులతో వేయాల్సిందే. లింబాయత్ సందుల్లో మన తెలంగాణ నుంచి వచ్చినవాళ్ళు కొందరు ఆ పని చేసేవాళ్ళు. చీర మార్కెట్టుకి వెళ్ళేది, బొమ్మ చెత్తలోకి వెళ్ళేది. అత్త షేర్ ఆటోలో పోయి వాటిని బేరమాడకుండా కొనుక్కొచ్చేది. ఒకటే షరతు. వేసినవాళ్ళు ఇంటికొచ్చి, ఆమె ఎదుట కూర్చుని, కింద తెలుగులో సంతకం పెట్టాలి. తడి ఆరేదాకా ఫ్యాను వేయనిచ్చేది కాదు, కాగితం ఎగిరి రంగు పులుముకుంటుందని. మే నెలలో ఆ ఉక్కపోతలో కూర్చుని ఎన్నిసార్లు లోపల్లోపల తిట్టుకున్నానో.

పేపర్లో ఒక్క పేరూ రాయని మనిషివి, ఇక్కడ పేర్ల కోసం ఇంత పట్టుదలేమిటని ఒకసారి అడిగాను. "ఆ గొప్పిళ్ళవాళ్ళ పేర్లు ఎలాగూ ఊళ్ళో అన్ని బోర్డుల మీదా ఉన్నాయిగా" అంది.

ఒక్క బొమ్మ మాత్రం గోడెక్కలేదు. ముదురాకుపచ్చ మీద బంతిపూల కొంగు. తెచ్చినాయన అత్తని అక్కా అనేవాడు. మిల్లు కోసం వేసిన డిజైను బయటికి ఇచ్చాడని సేఠ్‌కి తెలిస్తే పని పోతుందని, సంతకం మాత్రం పెట్టనన్నాడు. "అయితే పెట్టేదాకా ఇది నీదే. నా దగ్గర దాచుకున్నావంతే" అని అత్త దాన్ని చుట్టి బీరువా మీద పెట్టింది. ఆయన మళ్ళీ రాలేదు. మొన్న ఆసుపత్రిలో కూడా, ఆ బంతిపూలాయన వచ్చాడా అని అడిగింది. వస్తాడులే అన్నాను. ఎక్కడుంటాడో కూడా నాకు తెలియదు.

ఇక్కడి పద్ధతి ప్రకారం అత్త ఫ్లాటులోనే బేసణు పెట్టి, ఆమె రాసిన పేపర్లోనే ప్రకటన వేయించాం. బేసణు అంటే తెల్లబట్టల్లో వచ్చి, ఫొటోకి దండం పెట్టి, కాసేపు మౌనంగా కూర్చుని వెళ్ళిపోవడమే, తిండీతిప్పలుండవు. ఇన్నేళ్ళున్నా అమ్మకి అది ఎక్కలేదు. వచ్చినవాళ్ళని ఉత్త కడుపుతో ఎలా పంపుతామని గిన్నెడు పులిహోర కలిపింది. అత్త రాసిన ఇళ్ళవాళ్ళంతా వచ్చారు. తెల్ల పట్టు ఎవరు కట్టారో, తెల్ల నూలు ఎవరు కట్టారో నా కళ్ళు చూస్తూనే ఉన్నాయి. అత్తకి చెప్పాలనుకున్నాను కూడా. పులిహోర ఎవరూ ముట్టలేదు.

అందరూ వెళ్ళాక, కుర్చీలు మడుస్తుంటే ఒక ముసలాయన గుమ్మంలో చెప్పులు విడిచాడు.

"పేపర్ల చూసి మా కోడలు చెప్పింది బిడ్డా. బంతిపూల బొమ్మ ఉన్నదా, పారేసిన్రా?"

తెచ్చి నేల మీద పరిచాను. చాలాసేపు చూశాడు.

"సేఠ్ పోయి శానేండ్లాయె. మిల్లు సుత బందైంది. అయినా నా భయం పోలే. అక్క పోయిందని ఇన్నంక పోయింది."

జేబులోంచి కుంచె, చిన్న డబ్బాలో తెల్లరంగు తీశాడు. అమ్మ గిన్నెలో నీళ్ళు తెచ్చిచ్చింది. కింది మూలలో, తెలుగులో, నిదానంగా పేరు రాశాడు. ఆ పేరు ఇక్కడ రాయను, దాని చోటు గోడ మీద. కుంచె కడిగి, "ఇగ ఇది అక్కది" అన్నాడు.

ఆయన అడక్కముందే నేను లేచి ఫ్యాను ఆపాను. అమ్మ ముగ్గురికీ పులిహోర పెట్టింది. బొమ్మ చుట్టూ కూర్చుని, చెమటలు తుడుచుకుంటూ తిన్నాం. రంగు ఎప్పుడో ఆరిపోయింది. ఫ్యాను వేయడానికి మాత్రం ఎవరం లేవలేదు.