అంటుకుపోయిన అప్పడాలు

ఆరోజు తప్పు నాదే. బరంపురంలో ఎక్కడ ఇంగువ, మిరియాల వాసన తగిలినా, గోసాని నువాగాంలో మా డాబా మీద గడిచిన ఆ మధ్యాహ్నం గుర్తొస్తుంది.

అమ్మ షాపుకి ఇవ్వాల్సిన అప్పడాలు ఎండబెట్టి, నన్ను కాపలా పెట్టింది. నాకేమో ఆటకి తొందర. అంచులు పైకి లేస్తే ఎండినట్టే అనుకుని, అన్నిటినీ దొంతరగా పేర్చేసి పారిపోయాను. తిరిగొచ్చేసరికి అవి ఒకే ముద్దలా అంటుకుపోయాయి.

"అంచు సూసి తీసేసినావేట్రా? నడుమ పచ్చిగుంది గదా. రేపు షాపోడికి ఏటిచ్చేది?" అంది అమ్మ.

"నేను ఇడదీత్తానమ్మా."

"నువ్వా? గాలిపటం దారం సిక్కుపడితేనే తెంపేత్తావు."

మొదటిది చిరిగింది. రెండోదీ చిరిగింది. ఏడుపొచ్చింది. అప్పుడు గోరుతో లాగడం మానేసి, వేలికి బియ్యప్పిండి అద్దుకుని అంచు చుట్టూ మెల్లగా తిప్పాను. మూడోది నిండుగా, గుండ్రంగా చేతిలోకొచ్చింది. ఆ తర్వాత కింద పిల్లలు ఎంత పిలిచినా లేవలేదు. పొద్దుగూకే వేళకి ఆఖరిది కూడా చిరగకుండా ఊడొచ్చింది. దాన్ని రెండు చేతులా పైకెత్తి అమ్మకి చూపించాను. అమ్మ నవ్వింది.

మర్నాడు వాటిని నేనే మళ్ళీ పరిచి, గలగలమనేదాకా పక్కనే కూర్చున్నాను. సాయంత్రం మూట నెత్తిన పెట్టుకుని షాపుకి మోసిందీ నేనే.