లడ్డూ లేని ప్రసాదం

తిరుపతిలో ముప్పై ఏళ్ళకు పైగా సంస్కృతం చెప్పి పదవీ విరమణ చేసిన సంపత్కుమార్ గారికి, ఈ ప్రపంచం నుంచి రావలసింది ఒక్కటే మిగిలింది. భోజనానికి కూర్చున్నప్పుడు ఎవరైనా వంగి, "ఇంకొంచెం సాదించనా?" అని అడగాలి.

ఈ కోరికలోని గాంభీర్యం అందరికీ అంతుపట్టేది కాదు. లోకంలో సాధించడానికి రెండే అర్థాలు చెలామణిలో ఉన్నాయి. ఒకటి, ర్యాంకులూ ఉద్యోగాలూ సాధించడం. రెండు, అత్త కోడల్ని సాధించడం. కానీ వైష్ణవుల ఇళ్ళలో ఒత్తు లేని 'ద'తో మూడోది ఒకటి ఉండేది. సాదించడమంటే వడ్డించడం. మామూలుగా కాదు, తినేవాడి లోపల దేవుడు కూర్చున్నాడేమో అన్న అనుమానంతో, కొంచెం భయభక్తులతో వడ్డించడం. కార్వేటినగరంలో ఆయన పుట్టిన ఇంట్లో చారును సాత్తముదు అనేవారు. వాళ్ళమ్మ గరిటెతో విస్తరి ముందు ఆగి, "సాదించనా?" అని అడిగేది. అమ్మ వెళ్ళిపోయింది. మేనత్తలు వెళ్ళిపోయారు. మాట కూడా, తెలిసినవాళ్ళెవరూ లేని చోట తానొక్కతే ఎందుకనుకుందో ఏమో, వాళ్ళ వెంటే వెళ్ళిపోయింది.

భార్య కల్యాణవల్లి లేదా అంటే, ఉంది. అయితే ఆమె కర్నూలులో పెరిగిన బ్యాంకు మేనేజరు కూతురు. వైష్ణవులే గానీ, వడ్డించుకునే వైష్ణవులు. పెళ్ళైన కొత్తలో అత్తగారు ఆమెను పిలిచి, "వాడికి సాదించమ్మా" అన్నారు. కట్టుకున్నవాణ్ణి సాధించమని అత్తగారే స్వయంగా పురమాయించడం ఆమెకు వింతగా తోచింది. అయినా పెద్దల మాట కాదనలేక ఆనాడే మొదలుపెట్టింది. నేటికీ ఆ ఆజ్ఞను శిరసావహిస్తూనే ఉంది. ఒకటి రెండుసార్లు ఆయన బతిమాలి ఆమె చేత ఆ మాట అనిపించి చూశారు గానీ, "సాదించనా?" అని ఆమె అడిగిన తీరు పోలీసు స్టేషన్‌లో వినదగ్గది.

అందుచేత సంపత్కుమార్ గారు ఈ-మెయిల్‌లో వారానికొక ఉత్తరం రాయడం ప్రారంభించారు. పేరు 'గోష్ఠి'. ప్రతి శుక్రవారం పాత ఇళ్ళలోని ఒక మాట, దాని వెనకున్న కథ. వాట్సాప్‌లో రాయకూడదా అని అడిగినవారికి, గులాబీ పువ్వుల మధ్య శుభోదయాలు తిరిగే వీధిలో తాను కాపురం పెట్టలేనని చెప్పారు. ఆయన ఆశ చిన్నది. ఉత్తరం చదివిన వాళ్ళలో ఏ ఒక్కరైనా, "ఈ మాట మా ఇంట్లోనూ ఉండేది" అని జవాబు రాయాలి.

మొదట చుట్టాలకు పంపారు. చుట్టాలు తెరవలేదు. ఎవరు తెరిచిందీ ఎవరు తెరవనిదీ కంప్యూటరు చెప్పేస్తుందని పాపం వాళ్ళకు తెలియదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడి, "మీ ఉత్తరాలు అద్భుతం" అనేవారు. ఏ ఉత్తరం అని అడిగేటంత క్రూరుడు కాడాయన.

తమ్ముడి కూతురు శ్రీకరి తిరుపతిలోనే నగల దుకాణాలకు, చీరల దుకాణాలకు ప్రకటనలు చేసిపెట్టే కంపెనీలో పనిచేస్తుంది. ఆమె ఆదివారం ఇంటికి వచ్చి పరిస్థితిని పరీక్షించింది.

"పెదనాన్నా, ఊరికే రమ్మంటే ఎవరొస్తారు? అడ్రసు ఇచ్చినోళ్ళకు ఏదన్నా ఫ్రీగా ఇయ్యాల. చేపకు ఎర వేసినట్ట."

పాఠకుణ్ణి చేప అనడం సంపత్కుమార్ గారికి నచ్చలేదు. ఎర అన్న మాట అసలే నచ్చలేదు. అయినా ఉపాయం బాగానే ఉందనిపించి, ఇంటి మాటలు కొన్ని ఏరి చిన్న పుస్తకంగా కూర్చారు. మొదటి మాట, చెప్పనక్కర్లేదు, సాదించడం. పెద్దవాళ్ళ నోట పండి తన చేతికి వచ్చినవాటిని పదిమందికీ పంచుతున్నారు గనుక, దానికి తగిన పేరు ఒక్కటే అని తీర్మానించారు. శ్రీకరి స్నేహితురాళ్ళతో పులికాట్‌కు పక్షులను చూడబోయిన సమయంలో, ఆమె నేర్పినట్టే మీటలు నొక్కి ప్రకటన విడుదల చేశారు.

"తిరుపతి నుంచి ఉచిత ప్రసాదం. మీ ఈ-మెయిల్ చిరునామా ఇస్తే చాలు."

సంస్కృతంలో ప్రసాదమంటే అనుగ్రహం, ప్రసన్నత, నిర్మలత్వం. తిరుపతిలో ప్రసాదమంటే లడ్డూ. ముప్పై ఏళ్ళకు పైగా తిరుపతిలోనే గడిపిన మనిషికి ఈ భేదం తట్టకపోవడానికి చదువే కారణమై ఉండాలి.

శ్రీకరి తిరిగి వచ్చేసరికి గోష్ఠిలో జనం పుష్కరాల్లో లాగా కూడారు. శ్రీకాకుళం నుంచి హోసూరు దాకా చిరునామాలు వచ్చిపడ్డాయి. పంపిన పుస్తకం దాదాపు ఎవరూ తెరవలేదు గానీ, ఉత్తరం చివర ఆయన పెట్టిన ఫోన్ నంబరు మాత్రం అందరికీ కనిపించింది. విజయవాడ నుంచి ఒకాయన కూతురి పెళ్ళికి పెద్ద లడ్డూలు పంపమన్నాడు. ఒకావిడ లడ్డూ వద్దు, వడ చాలన్నది. మరొకాయన అడగకపోయినా ఆధార్ నంబరు పంపి, దర్శనం టికెట్టు ఏ తేదీకి ఇచ్చినా పరవాలేదన్నాడు. మొదటి రోజు సంపత్కుమార్ గారు ప్రసాద శబ్దానికి వ్యుత్పత్తి చెప్పారు. మరునాడు క్షమాపణ చెప్పారు. తరువాత ఫోన్ ఎత్తి అవతలి మాట వినకుండానే, "లడ్డూలు లేవండీ" అని పెట్టేయడం అలవాటు చేసుకున్నారు. ఆపైన ఎత్తడమే మానేశారు.

"కొండ మీద ఆయనే నయం, ఫోన్ పెట్టుకోలేదు" అన్నది కల్యాణవల్లి.

ఇంతలో ఉత్తరాలు పంపిపెట్టే కంపెనీ నుంచి ఒక తాఖీదు వచ్చింది. ఇంతమందికి ఉచితంగా పంపడం కుదరదు. నెలాఖరులోగా రుసుము కట్టాలి, లేదా మనుషులను తగ్గించుకోవాలి.

శ్రీకరికి ఇది శుభవార్తలాగే కనిపించింది. ఉత్తరం తెరవని పేర్లన్నీ కొట్టేద్దామన్నది. ఫ్రీ అంటే వచ్చినవాళ్ళు ఫ్రీ కోసమే వస్తారని, చిన్న ధరైనా పెడితే నిజంగా చదివేవాళ్ళే మిగులుతారని, కొంచెంమంది ఉన్నా సరే గట్టివాళ్ళు ఉండాలని వివరించింది. సంపత్కుమార్ గారికి గోష్ఠిలో కూర్చున్నవాణ్ణి లెమ్మనడం మహాపాపంగా తోచింది. కొండ మీద దర్శనానికి ఉచితం వరస ఒకటి, డబ్బు కట్టినవాళ్ళ వరస ఒకటి చిన్నప్పటి నుంచి చూస్తున్నవే గానీ, తన గడప ముందు కూడా ఆ రెండూ పెట్టవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. అయినా ఒప్పుకున్నారు. ఆయనకు కావలసింది జనం కాదు, జవాబు.

అలా ఇంకొంచెం పెద్ద పుస్తకం తయారైంది. ధర, హోటల్లో ఒక భోజనానికయ్యేంత. కొన్నవాళ్ళు ఆదివారం సాయంత్రం ఆయనకు ఫోన్ చేసి మాట్లాడవచ్చు. ఉచితం వాళ్ళకు కూడా ఈ సంగతి ఆఖరుసారిగా రాశారు.

కొన్నవాళ్ళు ఒక పంక్తికి సరిపోయేంత మంది. ఆదివారం మొదట ఫోన్ చేసిన పెద్దమనిషి పుస్తకానికి బిల్లు అడిగాడు. రెండోసారి మోగినప్పుడు ఆడగొంతు వినిపించింది.

"సామీ, నేను ఏర్పేడు కాడ్నించి నాగరత్నమ్మను మాట్లాడేది. పోయిన నెల్లో ఒక తూరి చేసినాను. లడ్డూలు లేవండీ అని పెట్టేసినారు."

సంపత్కుమార్ గారు ఏదో అనబోయారు.

"నేనూ లడ్డూ అనుకునే అడ్రసు ఇచ్చినాను సామీ, అబద్దం యాల చెప్పాల. వచ్చినాక చూస్తే పుస్తకం. ఇదేందిరా అని తెరిస్తే ఆ సాదించే మాట ఉండాది. దాని కోసరం ఫోన్ చేసినాను. మళ్ళా చేస్తే ఎత్తలేదు. దుడ్లు కట్టినోళ్ళతో మాట్లాడతామని రాసినారు గదా, అందుకని కట్టినాను."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

నాగరత్నమ్మది కార్వేటినగరం పక్క పల్లె. ఏర్పేడుకు కోడలుగా వచ్చి, పాల కేంద్రం నడిపి, ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటోంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ కార్వేటినగరంలో అయ్యవార్ల ఇంటికి పాలు, మజ్జిగ పోసేది. వెంట వెళ్ళిన పిల్ల అరుగు మీద కూర్చునేది. లోపలి నుంచి పెద్దామె కోడలితో, "పాపకు మజ్జిగ సాదించి పంపు" అన్నదట. ఆ మాట వినగానే పిల్ల లేచి పరిగెత్తింది.

"నన్నేం సాధిస్తారో అని భయపడినా సామీ. మర్రోజు మాయమ్మ రెక్క పట్టుకోని కూర్చోబెట్టింది. గలాసు చేతికొచ్చినాక గదా తెలిసింది. మేం పోసిన మజ్జిగే మాకు పోసేది. ఐనా ఆ మాట అని పోస్తే రుచి వేరేగా ఉండె. ఆ మాట అనేవాళ్ళు మళ్ళా యాడా తగల్లేదు."

ఆ ఇల్లు ఎక్కడని ఆయన అడిగారు. పాత ప్యాలెస్ వెనక గోడ దగ్గర, వాకిట్లో నందివర్ధనం చెట్టున్న ఇల్లు అని చెప్పింది. సంపత్కుమార్ గారు కళ్ళు మూసుకుని ఆ వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి చూశారు. వాళ్ళ ఇల్లు కాదు. వాళ్ళ వాకిట్లో నందివర్ధనం లేదు. ఎంత నడిచినా మొలవలేదు.

ఒకసారి వచ్చిపొమ్మని ఆమె పిలిచింది. పరాయి ఇంట్లో పచ్చి గంగ ముట్టని నియమం సంపత్కుమార్ గారిది. అయితే శ్రీకాళహస్తి బస్సు తిరుపతి దాటేలోపు, పాలు పెరుగులకూ, వాటి సంతానమైన మజ్జిగకూ ఎలాంటి దోషమూ లేదని సూక్ష్మంగా ఆలోచించి తేల్చుకున్నారు. ఏర్పేడులో దిగేసరికి అది శాస్త్రమైపోయింది.

నాగరత్నమ్మ వసారాలో కుర్చీ వేసింది. ఇత్తడి చెంబుతో మజ్జిగ తెచ్చి ఒక గ్లాసు ఇచ్చింది. ఆయన తాగారు. కరివేపాకు, కొంచెం అల్లం. రెండోసారి ఆమె చెంబు వంచబోయి ఆగింది.

"ఇంకొంచెం సాదించనా సామీ?"

అమ్మ అడిగినట్టు లేదు. అమ్మ చివరి అక్షరం దగ్గర గొంతు పైకి లేపేది. ఈమె కిందికి దింపింది, దూడను నీళ్ళకు పిలిచినట్టు. అయినా మాట అదే. ఆ ప్రశ్నకు సంపత్కుమార్ గారి చిన్ననాటి ఇంట్లో ఒక జవాబు ఉండేది. దాన్ని ఆయన నోట పలికి ఎన్నేళ్ళయిందో. ఇన్నాళ్ళూ వినాలన్నదే తన కోరిక అనుకున్నారు. బదులు పలకాలని కూడా ఉందని గ్లాసు పట్టుకున్నాక తెలిసింది.

"వద్దా సామీ?" అన్నది ఆమె చెంబు వెనక్కి తీస్తూ.

"సాదించండి" అన్నారాయన.

సాయంత్రం ఇంటికి రాగానే కల్యాణవల్లి అడిగింది, "పొద్దున పోయినవారు, ఏం సాధించుకొచ్చారు?"

"రెండు గ్లాసుల మజ్జిగ."

ఆమె ఆయన ముఖం చూసి, ఎందుకో ఆ పూటకు అత్తగారి ఆజ్ఞను పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

పేర్లు కొట్టేయడానికి శ్రీకరి కంప్యూటరు తెరుచుకుని కూర్చుంది. సంపత్కుమార్ గారు వద్దన్నారు. రుసుము తాను కట్టుకుంటానన్నారు.

"వాళ్ళకు కావాల్సింది లడ్డూ పెదనాన్నా."

"ఆమెకూ అంతే అనుకోని పెట్టేసినాను గదమ్మా."

ఆయన ఫోన్ తీసి, కళ్ళజోడు సవరించుకుని, తాను వినకుండా పెట్టేసిన నంబర్లన్నీ కనిపించేదాకా వేలితో కిందికి జరిపారు. అన్నిటికన్నా అడుగున ఉన్నదాన్ని నొక్కారు. అవతల చాలాసేపు మోగింది. ఎవరో మగమనిషి ఎత్తాడు. వెనక కుక్కర్ ఈల వినిపిస్తోంది.

"లడ్డూ సంగతి కాదండీ" అన్నారు సంపత్కుమార్ గారు. "లడ్డూలు ఇప్పటికీ లేవు. ఒక్క మాట కనుక్కుందామని చేశాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళు అన్నం పెట్టేటప్పుడు ఏమని అడిగేవారు?"