కళ్ళు మూసుకుని ఎంచుకున్న పిల్ల

మా కాలనీ పటమట దాటాక కాలువ పక్కన కొత్తగా లేచింది. సగం ప్లాట్లలో ఇంకా తుమ్మచెట్లే. మా ఆయనకు ఆటోనగర్‌లో లారీల షెడ్డులో రాత్రి పని. ఎవరో గోడ దూకి పక్కింటావిడ మెడలో గొలుసు తెంచుకుపోయిన తరువాత ఇంట్లో ఒక్కదాన్నే పడుకోవడం నా వల్ల కాలేదు. రాట్‌వీలర్ జాతి కుక్కపిల్లను తెచ్చి పెంచుదామని ఆయనే అన్నారు.

నేను ప్రార్థన లేకుండా ఏ పనీ మొదలుపెట్టను. సండేస్కూల్లో పాఠాలు చెబుతాను. పూర్వం ఒక భక్తుడు, ఆరుబయట పరిచిన గొర్రె బొచ్చు మాత్రమే మంచుకు తడిసి నేల పొడిగా ఉండాలని దేవుణ్ణి గుర్తు అడిగిన కథ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! నేనూ అలాగే అడిగాను. మేము ప్రార్థిస్తున్నప్పుడు ఏ పిల్ల నెమ్మదిగా కూర్చుంటే అదే ప్రభువు మాకిచ్చినది.

కైకలూరు వైపు చేపల చెరువులున్న ఒకాయన దగ్గరికి వెళ్ళాం. కాపలా కుక్క ఈనిన పిల్లలు షెడ్డులో ఒకదాని మీద ఒకటి పడి మా ఆయన చెప్పులు లాగుతున్నాయి. మేమిద్దరం తలలు వంచి కళ్ళు మూసుకున్నాం.

“కుక్కపిల్ల కోసం వచ్చారా, పెళ్ళిచూపులకొచ్చారా అండీ?” అని చెరువులాయన నవ్వాడు.

కళ్ళు తెరిచేసరికి ఒక ఆడ కుక్కపిల్ల గోడవారగా, నిండు పాలగిన్నె పక్కన, ముందుకాళ్ళ మీద తల ఆనించి ఉంది. “ఇదే” అన్నాను. దారి పొడవునా నా ఒళ్ళో కదల్లేదు. ఎంత బుద్ధిమంతురాలో అని స్తోత్రం చెప్పుకుంటూ వచ్చాను.

మర్నాడు పాలు ముట్టలేదు. సాయంత్రానికి వాంతులు, నెత్తుటి విరేచనాలు. బెంజ్ సర్కిల్ దగ్గరున్న పశువుల డాక్టరుగారు చూసి పార్వో అన్నారు. కుక్కపిల్లల పేగుల్ని తినేసే జబ్బట.

“తెచ్చేటప్పుడే డల్‌గా ఉందాండీ?”

“ప్రార్థనలో నెమ్మదిగా కూర్చుందండీ.”

ఆయన నా ముఖం వంక చూసి, సెలైన్ పెట్టారు.

ఆదివారం సంఘంలో ప్రార్థన మనవులు చెప్పే వేళ లేచి నిలబడ్డాను. “మా కుక్కపిల్ల చావుబతుకుల్లో ఉందండీ” అంటూనే ఏడ్చేశాను. ఎవరో కిసుక్కుమన్నారు. వెనక వరసలోని మా పెద్దమ్మ ఊరుకోలేదు.

“మీ పెదనాన్న పక్షవాతమొచ్చి మంచంలో ఉంటే, కుక్కకి ప్రార్థనంటావేంటే?”

కూర్చున్నాను. పాస్టరుగారు రోగులందరి కోసం ప్రార్థించారు. అందులో మా పిల్ల ఉందో లేదో తెలియదు.

అక్కణ్ణుంచి నేరుగా క్లినిక్‌కి వెళ్ళాను. మా ఆయన, పిల్లను పడుకోబెట్టిన బల్ల పక్కనే నిలబడి ఉన్నారు.

“ఇంకో గుర్తు అడగవే. బతుకుతుందో లేదో తెలిసిపోద్ది.”

“అడగను.”

ప్రార్థిద్దామనుకున్నాను గాని కళ్ళు మూతపడలేదు. సండేస్కూలు పిల్లలకు నేను నేర్పే మొదటి సంగతే కళ్ళు మూసుకోవడం. ఆ రోజు షెడ్డులో బాగా తెరిచి చూసి ఉంటే, దీని పక్కన గిన్నెలో పాలు ముట్టలేదని తెలిసేది. ఇప్పుడు బల్ల మీద అదే నెమ్మది. అరిపించు ప్రభువా, కరిపించు, ఏదో ఒక గోల చేయించు. దాని పొట్ట లేస్తోందా లేదా అని చూస్తూ అదే అడిగాను.

డాక్టరుగారు సూది మార్చబోతే, దాని పెదవి పైకి లేచింది. దారంలాంటి సన్నని గుర్రు వినబడింది.

“కోపమొచ్చిందండోయ్!” అన్నారు డాక్టరుగారు.

“బతుకుతుందాండీ?”

“ఇప్పుడే చెప్పలేనమ్మా. ముందు నీళ్ళు ఇముడుతాయేమో చూద్దాం.”

నీళ్ళు ఇమిడాయి. ఆ తరువాత గంజి. అది బతికింది. ఆ వానాకాలం దాటకుండానే పెదనాన్న పోయారు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి ఎన్నిసార్లు మోకరించానో. నాకేమీ తెలియపరచబడలేదు.

ఇప్పుడది నా మోకాళ్ళ పైకి ఎదిగింది. మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టినప్పుడు వెనక గదిలో కట్టేస్తే ఇల్లు అదిరేలా మొరుగుతుంది. మొన్న పాట సాగక, నోరు మూయిద్దామని లేచాను. పెద్దమ్మ నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

“అరవనీవే. అరవకపోతే మళ్ళీ ఏడుస్తావు.”

ప్రార్థనకు అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను, పెదనాన్న పోయాక బోసిపోయిన ఆవిడ మెడ వైపు చూస్తూ ఉండిపోయాను.