ఏడో నిమిషంలో ఏ మీటరు పోతుంది

సిమ్యులేటర్‌లో నేను కూలిపోయిన రోజు నాకు భయం వెయ్యలేదు. ఒళ్లు మండిపోయింది.

అప్పుడు ఎయిర్‌ఫోర్స్‌లో జెట్ ట్రైనర్ మీద శిక్షణలో ఉన్నాను. మబ్బులో దూరాక బయట ఏమీ కనపడదు. ముందున్న మీటర్లు చూసుకుంటూనే విమానం నడపాలి. దాన్ని ముందు నేల మీదే, ఉత్తుత్తి కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి నేర్పిస్తారు. వెనక ఉన్న ఇన్‌స్ట్రక్టరు మధ్యలో ఏదో ఒక మీటరు ఆపేస్తాడు. పోయిందేదో కనిపెట్టి, మిగతావాటితో క్షేమంగా దిగాలి.

నా దగ్గర లిస్టు ఉంది. సీనియర్ల దగ్గర సంపాదించింది. ఏడో నిమిషంలో స్పీడు మీటరు, పదిహేడో నిమిషంలో దిక్సూచి. బెజవాడ కాలేజీలో రెండేళ్లపాటు పాత ప్రశ్నపత్రాలు నమిలి మింగినవాడికి ఇదో లెక్కా? ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు పెట్టడం మాకు అక్కడే అలవాటు చేశారు. అలా పెట్టినవాళ్ల ఫొటోలే సిటీ బస్సుల వెనక వేశారు. నాదీ వేశారు.

ఆ రోజు ఏడో నిమిషంలో పోయింది స్పీడు మీటరు కాదు, విమానం ఎటు ఒరిగిందో చూపించే హొరైజన్. నేను మాత్రం "స్పీడు పోయింది సార్" అన్నాను. బాగున్నదాన్ని వదిలేసి, చచ్చినదాన్ని నమ్ముకుని, పక్కకి ఒరిగిపోతూ వెళ్లి నేలకి కొట్టుకున్నాను.

"నువ్వు మీటర్లు చూడటం లేదు, గడియారం చూస్తున్నావు," అన్నాడు ఇన్‌స్ట్రక్టరు. పది రోజులు సెలవిచ్చి పంపారు. తిరిగొచ్చాక ఇంకొక్క పరీక్ష. అదీ పోతే ఇక విమానం ఎక్కనివ్వరు. బెజవాడలో రైలు దిగేదాకా ఆయన్ని తిట్టుకుంటూనే వచ్చాను.

మా ఇల్లు వన్ టౌన్‌లో, స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు పైన. కింద తోపుడుబళ్లకి గిన్నెలు ఎక్కిస్తుంటే పైన మాట వినపడదు. కాక్‌పిట్ బొమ్మ అంటించిన అట్టని గోడకి ఆనించి, ఎదురుగా కుర్చీ వేసుకుని అమ్మని పిలిచాను.

"నీకు తోచినప్పుడు, తోచిన మీటరు మీద స్టిక్కర్ బొట్టు పెట్టు. బొట్టు పడితే అది పోయినట్టు."

అమ్మకి ఈ పని కొత్తేమీ కాదు. ఇంటర్ రెండేళ్లూ తెల్లారకముందే లేచి, పుస్తకం ఒళ్లో పెట్టుకుని నాచేత అప్పచెప్పించుకున్నది తనే. ఇప్పుడు నా భుజం మీదుగా చెయ్యి చాపి బొట్టు పెట్టేది. పొయ్యి మీద కూర ఉందని లేస్తే అరిచేవాణ్ణి. కొట్లోవాళ్ల మీద కిటికీలోంచి అరిచేవాణ్ణి. ఆరో రోజుకి ఒక్కటీ తప్పడం లేదు. ఇక నన్నెవడు ఆపుతాడో చూద్దామనుకున్నాను.

ఎనిమిదో రోజు అమ్మ వేలు స్పీడు మీటరుని తాకి వెనక్కి వెళ్లింది.

"స్పీడు పోయింది," అన్నాను.

"సరిగ్గా చూశావా?"

"చూశానమ్మా. స్పీడే."

అమ్మ తన చెయ్యి నా కళ్ల ముందు పెట్టింది. బొట్టు వేలి చివరే ఉంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. "మోసం చేస్తే ఎట్లా? నా బతుకు దీని మీదుంటే నీకు ఆటగా ఉందా?" అని అరిచి, అట్టని కాలితో తన్నాను.

అమ్మ అట్ట లేపి మళ్లీ గోడకి ఆనించింది. "మూడ్రోజుల్నించీ చూస్తన్నా. నా చెయ్యి ఎటెళ్తే అదే అంటన్నావు. మీటరు చూట్టం లేదురా నువ్వు. ఇంటర్లోనూ ఇంతే. మధ్యలోంచి అడిగితే తడుముకునేవాడివి. మార్కులొస్తన్నాయి గదాని నేనూ వరసలోనే అడిగా. నాదీ తప్పే."

ఇన్‌స్ట్రక్టరు అన్న మాటే, ఎన్నడూ విమానం ఎక్కని మా అమ్మా అంది. కాలేజీ మీద, లిస్టు మీద, ఆ బస్సుల మీద ఉన్న కోపమంతా ఒక్కసారిగా నా మీదకే తిరిగింది. చివరికి అమ్మ చేతిని కూడా పాత ప్రశ్నపత్రంలా బట్టీ పట్టేశాను. ఆ పూట అమ్మ అన్నం తినలేదు. తినమని నేనూ అనలేదు. మిగిలిన రెండు రోజులూ తను కొన్నిసార్లు బొట్టు పెట్టింది, కొన్నిసార్లు పెట్టలేదు. ఇద్దరం అవసరానికి మించి మాట్లాడుకోలేదు.

పరీక్షలో ఏడో నిమిషం వచ్చింది. 'స్పీడు' అన్న మాట నాలుక చివర ఆడింది. నోరు మూసుకుని చూశాను. ముల్లు కదులుతోంది. పదిహేడో నిమిషంలో దిక్సూచీ బాగానే ఉంది. దిగేదాకా ఒక్కొక్కదాన్నీ చూస్తూనే ఉన్నాను.

"ఏం పోయింది?" అన్నాడు ఇన్‌స్ట్రక్టరు.

"ఏదీ పోలేదు సార్."

ఆయన తలూపి, కాగితం మీద పాసని రాశాడు.

బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను.

"ఏది పోయిందిరా?" అంది.

"ఏదీ పోలేదమ్మా. నీలాగే మా సారూ బొట్టు వేలికే ఉంచుకున్నాడు. పాసయ్యాను."



"మరి ఆయన మీదా అరిచావా?" అంది.