పెదనాన్న పెంచిన గరిక

కోస్తా నుంచి వచ్చి తెక్కలకోట దగ్గర కాలవ కింద భూములు కొన్న మా పెదనాన్న శ్రీమన్నారాయణ, ఏళ్ల తరబడి పొలంగట్ల మీది గరికను వేళ్లతో సహా తవ్విస్తూ వచ్చాడు. పందొమ్మిదివందల అరవైల్లో ఒకసారి, ఆ కాలవకు నీళ్లొదిలే డ్యామ్ దగ్గర ఇంజనీరుగారి బంగళా చూసొచ్చాక, అదే గరికను తెప్పించి ఇంటిముందు నాటించి, దానికి లాన్ అని పేరు పెట్టాడు. తానూ దొరల్లా బతకగలనని ఇంజనీరుగారికి చూపించాలని ఆయన కోరిక. అందుకే ఆదివారం కాఫీకి పిలిచాడు.

ఈలోగా వానలు పడి లాన్ నిండా తుంగా, గురుగూ లేచాయి. శనివారం పెదనాన్న, పొలంలో కలుపు తీసే నాగలక్ష్మమ్మను పిలిచి, "కలుపంతా తీసెయ్యమ్మా" అని చెప్పి సిరుగుప్ప వెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఇంటిముందు నల్లరేగడి బోసిగా కనిపించింది. గురుగు మొక్కలను మాత్రం కూరకు పనికొస్తాయని నాగలక్ష్మమ్మ ఒక మూల ఉంచింది.

"గరికేదమ్మా?" అన్నాడు పెదనాన్న.

"యాడా ఒక్క పోచ ల్యాదు, చూసుకోప్పా! ఇంటిముందర ఇంత గరిక యెట్ల పెరగనిచ్చినావు? నలుగురు చూస్తే నగరా?"

మర్నాడు ఇంజనీరుగారు జీపు దిగుతూనే ముచ్చటపడ్డారు.

"వాకిలి కూడా వదల్లేదన్నమాట! అసలైన రైతంటే మీరేనండీ. ఏం వేస్తున్నారు?"

"మిరప" అన్నాడు పెదనాన్న.

కాయలు కాసినప్పుడు మళ్లీ వస్తానన్నారు ఇంజనీరుగారు. ఆ వారమే పెదనాన్న నారు కోసం తిరగాల్సి వచ్చింది.